లెక్కల పీరియడ్‌లో బొమ్మల పుస్తకం తెరవాలి

గ్రామాల్లో మూడో తరగతి పిల్లల్లో తీసివేత చేయగలిగినవారు 33.7 శాతమేనని దేశంలోని పల్లె పిల్లల చదువులను సర్వే చేసే అసర్ 2024 నివేదిక చెప్పింది. దానిమీద జరగాల్సిన చర్చ జరిగింది. వర్క్‌బుక్కులు పెరిగాయి, చిన్న తరగతుల్లోనే చదవడం, లెక్కలు రావాలని కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం లక్ష్యాలు బడి గోడలకెక్కాయి. లెక్కల పీరియడ్‌లో బొమ్మల పుస్తకం మాత్రం ఇంకా కనిపించడం లేదు.

2025లో నేచర్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలను పరీక్షించారు. చిల్లర తూకాల బేరాలను నోటితోనే తేల్చేసిన ఆ పిల్లలు, అంతకన్నా తేలికైన లెక్కను బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలది సరిగ్గా తారుమారు. బతుకులో లెక్క ఒకచోట, పలక మీద అంకె మరోచోట ఉండిపోయాయి. ఈ రెంటినీ ఒకే పుటలో చూపించగలిగే చౌకైన సాధనం బొమ్మల పుస్తకమే.

జపాన్ చిత్రకారుడు అన్నో మిత్సుమాస ఒకప్పుడు బడిపంతులు. 1975లో ఆయన తెచ్చిన లెక్కల పుస్తకం ఒకటితో కాదు, సున్నాతో మొదలవుతుంది. మొదటి బొమ్మలో మంచు కప్పిన ఖాళీ నేల. తర్వాత పుట తిప్పినకొద్దీ నెలలు మారుతూ, పన్నెండు దాకా ఊరు పెరుగుతుంది. రెండో తరగతి చదివే మా అక్క మనవరాలు మంచు పుట చూసి, ‘ఇందులో ఏమీ లేదు తాతయ్యా’ అని తిప్పేసింది. ఏడు దగ్గర ఆగింది. వేలు పెట్టి ఇళ్ళు లెక్కపెట్టింది, పిల్లలను లెక్కపెట్టింది. కాసేపు ఆలోచించి మళ్ళీ మొదటి పుటకు పోయి, ‘ఇక్కడ అన్నీ సున్నా!’ అని అరిచింది. అంతవరకూ ఆ పిల్లకు సున్నా అంటే గుండ్రంగా గీసే గీత. ఇళ్ళు సున్నా, పిల్లలు సున్నా అని తనంతట తాను కనిపెట్టింది. నేను ఒక్క ముక్క చెప్పలేదు.

కథలతో కాలక్షేపం చేస్తే సిలబస్ ఎప్పుడవుతుంది, ఎక్కాలు ఎవరు నేర్పుతారు అంటారు. ఎక్కాలు కంఠతా రావాల్సిందే, అందులో నాకు పేచీ లేదు. నెదర్లాండ్స్‌లో 18 కిండర్‌గార్టెన్ తరగతుల్లో సగం వాటికి మూడు నెలలపాటు బొమ్మల పుస్తకాలు చదివి వినిపిస్తే, ఆ పిల్లల లెక్కలు మెరుగుపడ్డాయి. మెరుగుదల చిన్నదే. కానీ కథ వినడంతో వచ్చిన మెరుగుదల అది. వారానికి ఒక పీరియడ్ ఇస్తే ఏ సిలబసూ కూలిపోదు.

అయితే ఆ కథ తెలుగులో ఉండాలి. ఇంగ్లీషు మీడియం హడావిడిలో మనం పారేసుకుంటున్నది భాష ఒక్కటే కాదు, లెక్క కూడా. పదమూడు, పద్నాలుగు, పదహారు: పది ముందు, మిగిలింది వెనక. 13 రాసే వరసే పలికే వరస. థర్టీన్‌లో మూడు ముందొస్తుంది, పైగా థర్టీకి దగ్గరగా వినిపించి పసివాళ్ళను తికమక పెడుతుంది. స్థాన విలువను నోట్లోనే పెట్టిన మాటలు మనకుంటే, వాటిని మాన్పించి ఆ పాఠాన్నే మళ్ళీ బోర్డు మీద రాస్తున్నాం. మంచి పుస్తకం సంస్థ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తోంది, ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. బడులు వాటితో మొదలుపెట్టవచ్చు.

కొలతల సంగతి మరీ బాధ. గింజలు కొలిచే మన పాత కొలతల్లో రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. భిన్నాల పాఠం మొత్తం అందులోనే ఉంది. మా అమ్మ బియ్యం కొలిచిన సోల ఇంకా మా ఇంట్లో ఉంది. మొన్న సెలవులకు వచ్చినప్పుడు అక్క మనవరాలి చేతికిచ్చి మానిక నింపమన్నాను. నాలుగో సోలకు బియ్యం అంచుదాకా వచ్చింది. ‘అయితే ఇది పావు మానికా?’ అంది. సోల, తవ్వ, మానిక పక్కపక్కనే కూర్చున్న బొమ్మ ఏ పుస్తకంలో ఉందని కూడా అడిగింది. దుకాణాల్లో వెతుకుతున్నాను, ఇంతవరకూ దొరకలేదు.