దేనికి రిటైరయ్యానని రాయను?

మా పదో తరగతి 1979 బ్యాచ్ వాట్సాప్ బృందంలో గత నెల ఒక నమూనా పెట్టారు. పేరు, చివరగా పనిచేసిన హోదా, ఉద్యోగ విరమణ తేదీ, పిల్లలు ఏ ఊళ్లో ఏం చేస్తున్నారు, విరమణ తర్వాత చూసి వచ్చిన ప్రదేశాలు అని ఐదు గడులు. అందరూ నింపి ఫోటోతో సహా పంపితే, వచ్చే సమావేశానికి చిన్న పుస్తకంగా అచ్చు వేయిస్తామన్నారు. ఆ పని నెత్తికెత్తుకున్న మిత్రుడి ఉద్దేశం మంచిదని నాకు తెలుసు. నలభై ఏళ్లకు పైగా చెల్లాచెదురైన మమ్మల్ని ఒకచోటికి చేర్చినది ఆయనే. అయినా ఆ నమూనా చూసినప్పటి నుంచి నా మనసు కుదుటపడలేదు. బృందంలో రెండు ముక్కల్లో చెబితే ఎవరినో తప్పుపట్టినట్టు అవుతుందని, ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరుకు దగ్గరలోని ఒక పల్లెలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. తరగతిలో మొత్తం 46 మందిమి, అందులో ఆడపిల్లలం 11 మందిమి. ఈ రోజు బృందంలో ఉన్నది 27 మంది, వారిలో ఆడవాళ్లం నలుగురం. ఆ 27 మందిలో ‘హోదా’ అన్న గడి నింపగలిగిన వారు 14 మంది. మిగిలిన వారిలో సొంత మడిచెక్క సాగు చేసుకుంటున్న వారు ఉన్నారు, రాజాంలో కిరాణా కొట్టు నడుపుతున్న వారు ఉన్నారు, విశాఖపట్నంలో ఒక అపార్టుమెంటుకు కాపలా ఉంటున్న వారు ఉన్నారు, కొడుకుతో పాటు హైదరాబాదు వెళ్లి ఇంకా తాపీపని చేస్తున్న వారు ఉన్నారు. నమూనా వచ్చిన వారంలోనే ఇద్దరు ఒక్క మాట కూడా చెప్పకుండా బృందం నుంచి తప్పుకున్నారు. ఎందుకు వెళ్లిపోయారని ఎవరూ అడగలేదు, నేను కూడా రెండు రోజుల దాకా గమనించలేదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే.

విరమణ తేదీల సంగతి వచ్చింది కనుక మా తరానికి చెందిన ఒక విషయం చెప్పాలి. మమ్మల్ని బడిలో వేసిన నాడు చాలామంది తల్లిదండ్రులకు పుట్టిన తేదీ తెలియదు. ఏ ఏడాది గాలివానకో, కనుమ పండుగ మర్నాడో పుట్టామని తెలుసు, అంతే. మేష్టారు పిల్లవాడి ఎత్తు చూసి వయసు అంచనా వేసి రిజిస్టరులో జులై 1 అని రాసేవారు. నా రికార్డులో ఉన్నదీ 1963 జులై 1. ఒకటో తేదీన పుట్టిన వారు అంతకు ముందు నెల ఆఖరి రోజునే విరమణ చేయాలన్నది ప్రభుత్వ నియమం కాబట్టి మా వాళ్లలో చాలామందికి జూన్ 30 ఆఖరి పని దినం అయింది. నాది తపాలా శాఖ గనుక 60 ఏళ్లకు, అంటే 2023 జూన్ 30న, తేదీ ముద్రలోని అంకెలను ఆఖరిసారి మార్చి ఇంటికి వచ్చాను. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలలో ఉన్న మిత్రులకు 58గా ఉన్న వయోపరిమితి 2014లో 60కి, 2022 జనవరిలో 62కి పెరగడంతో వారిలో ముగ్గురు 2025 జూన్ 30న ఒకే సాయంత్రం, మూడు వేర్వేరు ఊళ్లలో శాలువాలు కప్పించుకున్నారు. ఆ ఫోటోలు చూసి నేను నిజంగా సంతోషించాను. ఒక మేష్టారి కలం ఒకే తేదీ వేసిన పిల్లలు ఒకే రోజున బరువు దించుకోవడం నాకు కళ్లు చెమర్చే విషయమే.

కానీ ఆ మేష్టారే జులై 1 అని రాసిన మరొక అమ్మాయి మా తరగతిలో ఉంది. ఆమెకు జూన్ 30న ఏమీ జరగలేదు. పొందూరులో తల్లి దగ్గర పదేళ్ల వయసులో పట్టిన నూలు పని ఆమె ఈ రోజు వరకూ విడిచిపెట్టలేదు. మొన్న మాఘంలో వాళ్లింటికి వెళ్లి ఒక పూటంతా పక్కన కూర్చున్నాను. పొందూరు సన్న ఖాదీ పేరు అందరికీ తెలుసు గానీ, దాని మొదటి పనిముట్టు ఒక చేప దవడ అని చాలామందికి తెలియదు. వాలుగ చేప దవడ ఎముకను గోదావరి వైపు నుంచి తెప్పించుకుంటారు. సన్నటి పళ్ల వరుస ఉన్న ఆ ఎముకతో గింజ చుట్టూ ఉన్న పత్తిని దువ్వుతారు. ఆమె ఎడమచేతి వేళ్ల మధ్య గింజను పట్టుకుని కుడిచేత్తో దువ్వుతుంటే చెత్తా నలకా రాలిపోయి, పత్తి పట్టుకుచ్చులా తెల్లగా తేలింది. తర్వాత గింజ తీయడం, దూదిని విడదీసి ఏకడం, దాన్ని సన్నటి వత్తుల్లా ఏకులుగా చుట్టడం, ఆ ఏకును అరటి పట్టలో ఉంచి, చక్రానికి 24 ఆకులు, అంటే పుల్లలు, ఉన్న రాట్నం మీద వడకడం, అంతా ఆ ఒక్క మనిషి చేతుల మీదుగానే. నేను చరఖా అంటే ఆమె నవ్వి, రాట్నం అనమని దిద్దింది. ఆమె బొటనవేలి పక్కన దారం రాసుకుని ఏర్పడిన గీత, పెన్సిలు గీసినంత స్పష్టంగా ఉంది.

నమూనా నింపావా అని అడిగాను. “నాను ఏటని రాయనే? దేనికి రిటైరయ్యానని రాయను? చెయ్యి ఆడినన్నాళ్లూ తిప్పుతాను” అంది. కోపంగా కాదు, నిజంగానే తెలియక అడిగింది. ఆమెకు ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం వారు ఇంటికి తెచ్చి ఇచ్చే 4,000 రూపాయల పింఛను ఉంది, రాట్నం ఉంది. ఆ ఐదు గడులలో వీటిలో ఒక్కటి కూడా పట్టదు.

ప్రయాణాల గడి గురించీ నాకు అభ్యంతరం ఉంది. ప్రయాణాలు చేయకూడదని కాదు, చేసిన వారు చెప్పవలసినది చెప్పడం లేదని. బ్యాంకులో పనిచేసి విరమించిన ఒక మిత్రుడు కేదారనాథ్ వెళ్లి నలభై ఫోటోలు పెట్టాడు, ఒక్క వాక్యం రాయలేదు. గౌరీకుండ్ నుంచి గుడి వరకు దాదాపు 16 కిలోమీటర్ల ఎక్కుడు దారి. మోకాళ్ల నొప్పులున్న మనిషి ఆ దారిన ఎలా వెళ్లాడు, డోలీ ఎక్కాడా, గుర్రం ఎక్కాడా, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకున్నాడు, ఎంత ఖర్చయింది అని రాసి ఉంటే, వెళ్లాలని ఉండీ భయపడుతున్న మాలాంటి పదిమందికి దారి దొరికేది. ఇంకొక స్నేహితురాలు అమెరికా పర్యటన అని రాసింది. ఫోనులో మాట్లాడితే తెలిసింది, కోడలికి పురుడు పోయడానికి వెళ్లి, చలికాలంలో ఆరు నెలలు ఆ ఇంటి గుమ్మం దాటకుండా పసిబిడ్డకు నలుగు పెట్టి, పథ్యం వండి, రాత్రులు మేలుకుని తిరిగి వచ్చిందని. అది పర్యటన ఎలా అవుతుంది? అది ఆమె జీవితంలో చేసిన అతి పెద్ద పనులలో ఒకటి, ఆ పేరుతోనే చెప్పుకోవలసిన పని. ఇక ఏ ప్రయాణమూ లేని వారి సంగతి కూడా ఉంది. రైళ్లలో పురుషులకు 60 ఏళ్లు నిండితే 40 శాతం, మహిళలకు 58 నిండితే 50 శాతం ఉండే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది. సరిగ్గా మేము ఆ వయసుకు చేరుకుంటున్న సమయంలోనే ఆగింది. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో కాశీకి టికెట్టు ధర అడిగి వెనక్కి వచ్చిన మిత్రుడొకడు నాకు తెలుసు. అతని గడి ఖాళీగా ఉన్నదంటే అతనికి కోరిక లేదని కాదు.

మా బృందంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వార్త ఒకటి ఉంది, దానికి వచ్చిన స్పందన మూడు బొటనవేళ్లు మాత్రమే. విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా విరమించిన మిత్రుడు టెక్కలి దగ్గరి తేలినీలాపురానికి ప్రతి శీతాకాలం తెల్లవారుజామునే వెళుతున్నాడు. అక్కడ పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఊరి చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లలను చేస్తాయి. ఆ ఊరి వారు వాటిని తమ ఇంటి ఆడపడుచులలాగా చూసుకుంటారు. ఇతను ఒక చేతిరాత పుస్తకంలో తేదీ, చెట్టు, గూళ్ల లెక్క రాసుకుంటున్నాడు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కిన మనిషికి చెట్ల కొమ్మల కొస దాకా చూసే చూపు వచ్చిందని అతనే రాశాడు. ఆ ఒక్క వాక్యం కోసం నేను అతని సందేశాన్ని నాలుగుసార్లు చదివాను.

విరమణ తర్వాత ఏం చేయాలో చెప్పడానికి మనం ఎక్కడికో వెళ్లి ఉదాహరణలు వెతకనక్కరలేదు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మూడు దశాబ్దాల బడి ఉద్యోగం ముగించి 1911లో విరమించారు. మనం ఇప్పుడు వ్యావహారిక భాషోద్యమం అని చెప్పుకునే పోరాటంలో అధిక భాగం ఆయన ఆ తర్వాతే చేశారు. ‘తెలుగు’ పత్రికను 1919లో నడిపారు. సవర గిరిజనుల మధ్య కూర్చుని నేర్చుకున్న వారి భాషకు రాసిన వ్యాకరణం 1931లో అచ్చయ్యేనాటికి ఆయనకు 68 ఏళ్లు వస్తున్నాయి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి పోయినప్పుడు, 73వ ఏట ఇల్లూ ఊరూ విడిచి రాజమండ్రి చేరారు. ఆయన పుట్టిన ఆగస్టు 29న మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. అంత పని మనమంతా చేయగలమని నేను అనడం లేదు. కానీ ఆయన గురించి చెప్పేటప్పుడు ఎవరూ ఆయన ఏ హోదాలో విరమించారన్న మాటతో మొదలుపెట్టరు.

అందుకని ఆ నమూనాను మార్చమని బృందం నిర్వాహకుడిని ఫోనులో అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను. ‘హోదా’, ‘విరమణ తేదీ’ అన్న రెండు గడులు తీసివేసి, వాటి స్థానంలో ‘ఇప్పుడు నీ రోజు ఎలా గడుస్తుంది’ అని ఒకటే పెట్టండి. రాయడం ఇబ్బందైన వారు మాటగా పంపవచ్చు, నేను కూర్చుని రాసి ఇస్తాను. ఒంట్లో బాగాలేని వారు ఆ సంగతి చెప్పుకోవడానికి చోటు ఉండాలి. భర్తను, భార్యను పోగొట్టుకున్న వారికి దాన్ని దాచుకోవలసిన అవసరం రాకూడదు. ఆ పుస్తకంలో మొదటి పేజీ పొందూరు స్నేహితురాలిదే ఉండాలి. ఆమె నాకు చెప్పిన మాటలు, ఏకు, నూలు చుట్టుకునే కదురు, నూలు చుట్ట అయిన చిలప దగ్గర నుంచి దవడ దువ్వే తీరు దాకా పదకొండు పేజీలు రాసి ఉంచాను, ఆమెకు చదివి వినిపించి ఒప్పించాను.

బృందం వదిలి వెళ్లిన ఇద్దరిలో ఒకరితో నిన్న మాట్లాడాను, తిరిగి రావడానికి సరేనన్నాడు. రెండో అతని ఫోను కలవడం లేదు. ఇక మా తరగతి ఆడపిల్లలలో ఏడుగురి ఆచూకీ ఇంకా దొరకలేదు. నాకు గుర్తున్నవి వారి పుట్టింటి ఇంటిపేర్లు మాత్రమే, పెళ్లయ్యాక ఎవరు ఏ ఇంటిపేరుతో ఏ ఊళ్లో ఉన్నారో తెలియదు. ఇద్దరిని చీపురుపల్లి వైపు ఇచ్చారు. మేము పదో తరగతి రాసిన ఏడాదే, 1979 జూన్ 1న, విజయనగరం జిల్లా ఏర్పడి ఆ వైపు మన శ్రీకాకుళం జిల్లాది కాకుండా పోయింది. ఒకరిది సోంపేట అని విన్నాను. ఆ వయసు వారు, పొందూరు దగ్గర బళ్లో పదో తరగతి చదివామని చెప్పేవారు మీ వీధిలో గానీ, మీ వియ్యంకుల ఇళ్లలో గానీ ఉంటే, వారి అనుమతి అడిగి, నాకు విడిగా ఒక కబురు పెట్టండి.