ఫిడేలు వినపడకుండా రికార్డు చేయు విధానము

అమెరికాలోని అపలేచియన్ కొండల పాతబాణీ బ్యాంజోను ఫిడేలుతో కలిపి మిత్రులు వాయిస్తుంటే ఫోన్లో పట్టి పదిమందికీ పంపే పుణ్యకార్యానికి ఒక శాస్త్రం లేదని కొందరి బెంగ. ఎందుకు లేదు? నార్త్ కరోలినా, వర్జీనియా ఇళ్ళ వరండాల్లోనూ, వెస్ట్ వర్జీనియా క్లిఫ్‌టాప్‌లో 1990లో మొదలైన ఉత్సవపు గుడారాల మధ్యా జనం దాన్ని నిష్ఠగా పాటిస్తూనే ఉన్నారు. రాసిపెట్టడమే తరువాయి.

ముందు ఫోను. దాన్ని బ్యాంజో మూతకు, అంటే డప్పులా బిగించిన ముఖానికి, ఎదురుగా, అడుగు దూరంలో పెట్టాలి. క్లాహ్యామర్ పద్ధతిలో గోటి వెనకభాగంతో తంతిని కిందికి కొడతారు, బొటనవేలు పొట్టి అయిదో తంతిని మీటుతుంది. దెబ్బ పడ్డప్పుడల్లా ఫోను తనంతట తానే శబ్దాన్ని తగ్గించి, మధ్యలో మళ్ళీ పెంచుతుంది. ఫిడేలు బావిలో బిందెలా మునిగి తేలుతూ ఉంటుంది. అదే ఫోనును ఆరేడు అడుగులు వెనక్కి జరిపి, ఫిడేలు వైపు తిప్పి, ఆ ఆటోమేటిక్ సర్దుబాటును ఆపేస్తే రెండూ సమంగా వినిపించే ప్రమాదం ఉంది. బాణీ నడిపేది ఫిడేలే కదా అంటారు కొందరు. వాళ్ళు ఫిడేలువాళ్ళు, వదిలేయండి.

బ్యాంజో మరీ గణగణలాడుతుంటే మూతకూ లోపలి కర్రకూ మధ్య పాత సాక్సు దూరిస్తే మోత తగ్గి దెబ్బ పొడిగా పలుకుతుంది. ఈ సంగతి రికార్డింగ్ అయ్యాకే చెప్పాలి.

తర్వాతది శ్రుతి. ‘ఎ’ కీలో, అంటే ‘ఎ’ ఆధారస్వరంగా, గంటసేపు వాయించి ఎవరో ‘డి’ అడుగుతారు. రెండో మెట్టు మీద కాపో (పొడుగు తంతులను నొక్కి పట్టే బిగింపు) అలాగే ఉంటుంది. నాలుగో తంతి ఒక స్వరం దిగాలి, రెండోది అరస్వరం ఎక్కాలి. అయిదోది ఏడో మెట్టు దగ్గరి బుల్లి మేకు కింద అప్పటికే ఇరుక్కుని ఉంటుంది, దాని జోలికి పోనక్కర్లేదు. అయినా అందరూ పోతారు. మూత నిజం తోలుదైతే రాత్రి తేమకు వదులై, తంతులను మోసే బ్రిడ్జి కుంగి, తంతులు మెట్లకు తగిలి జివ్వుమంటాయి. ఈ మూడు నిమిషాల టింగుటింగులు రికార్డింగులో మొత్తం ఉండాలి. కత్తిరిస్తే చరిత్రను కత్తిరించినట్టే.

నిడివి సంగతి తేలిక. రెండు భాగాలు, ఒక్కోటి రెండుసార్లు, ఒక చుట్టుకు దాదాపు 35 సెకన్లు. ముగించే ముందు ఫిడేలువాడు కాలు పైకెత్తుతాడు. కాలికి శబ్దం ఉండదు కాబట్టి వినేవాడికి ఆ ఊరట దక్కదు. పన్నెండో చుట్టు దాకా ఆశ పడాల్సిందే.

అసలు కీలకం ఫైలు పేరు. ‘కొత్త రికార్డింగ్ 47’ అన్నది శ్రేష్ఠం. బాణీ పేరు, కీ, బ్యాంజో శ్రుతి, ఎవరి దగ్గర నేర్చుకున్నది, ఎవరు వాయించారు: ఈ అయిదూ రాయకూడదు. ఒకే బాణీకి నాలుగు పేర్లు, ఒకే పేరుకు మూడు బాణీలు ఉన్న లోకం ఇది. ఒక కౌంటీలో (అక్కడి జిల్లా) ఉన్న అదనపు దెబ్బ పక్క కౌంటీలో ఉండదు. నార్త్ కరోలినా మౌంట్ ఎయిరీ దగ్గర, ఫిడేలూ బ్యాంజో వాయించే టామీ జారెల్ (1901–1985) ఇంటికి కుర్రాళ్ళు టేపు రికార్డర్లు మోసుకెళ్ళారు. వాయిస్తున్నది ఎవరో, ఏ ఊరి పద్ధతో తెలుసు కనుక ఆయన్ని ఇవాళ్టికీ విని నేర్చుకుంటున్నారు. మన మిత్రులకు అలాంటి పీడ పట్టకూడదు.

అనుమతి అడగడం అనవసరం. బాణీ వందేళ్ళనాటిది కావచ్చు, వాయింపు మాత్రం ఆ మిత్రుడిదే. అడిగితే ‘రెండో భాగంలో తప్పాను, పంపకు’ అంటాడు. ప్రతిసారీ అంటాడు. నిజంగానే తప్పి ఉంటాడు కూడా.

పంపాక ‘ఏ శ్రుతి?’ అని కొందరు అడుగుతారు. ఎవరికీ తెలియదు కాబట్టి హుందాగా మౌనం వహించవచ్చు. ఇంకొకడు మాత్రం ‘వేళ్ళకు పిక్‌లు తొడిగి ఇంకాస్త జోరుగా వాయించరేం?’ అంటాడు. 1945లో ఎర్ల్ స్క్రగ్స్ మూడువేళ్ళ బ్యాంజోతో బిల్ మన్రో బృందంలో చేరినప్పుడే ఆ దారి వేరై బ్లూగ్రాస్ అయిందని అతనికి ఒకసారి మర్యాదగా చెప్పాలి. రెండోసారీ అడిగితే జాబితాలోంచి పేరు తీసేయడానికి శాస్త్రం ఒప్పుకుంటుంది.