ఆ పికాచు నాది: పాత పోకెమాన్ కన్సోల్ ఆటల మీద ఇంత బెంగ ఎందుకు

2005 వేసవి సెలవుల్లో న్యూజెర్సీ నుంచి మా పెదనాన్న వాళ్ళు విజయవాడ వచ్చినప్పుడు, అన్నయ్య సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి ఒక ఊదారంగు డబ్బా తెచ్చాడు. వెనక పట్టుకోవడానికి పిడి కూడా ఉంది. అదే గేమ్‌క్యూబ్, టీవీకి కలిపి ఆడే నింటెండో కంపెనీ కన్సోల్. అమెరికా అడాప్టర్ 110 వోల్టులది కాబట్టి ఇక్కడి ప్లగ్గులో పెడితే కాలిపోతుందని నాన్న ఎలక్ట్రికల్ షాపుకెళ్ళి ఇటుకంత బరువున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చారు. తీరా టీవీకి కలిపితే బొమ్మ వచ్చింది గానీ రంగుల్లేవు. వాళ్ళ వీడియో సిగ్నల్ పద్ధతి వేరు, మనది వేరు. అన్నయ్య టీవీ మెనూ అంతా వెతికి, కలర్ సిస్టమ్ అన్న చోట ఒక్క బటన్ నొక్కగానే తెర మీద ఎడారి ఎర్రగా వెలిగింది. ఆ ఆట పోకెమాన్ కొలోసియం.

పోకెమాన్ అంటే వింత జంతువుల్ని పట్టి, పెంచి, పోటీలకి దింపే ఆటల వరస; ఆ జంతువుల్నీ పోకెమాన్లే అంటారు. నేను కొలోసియం ఆడి ఇరవై ఏళ్ళు దాటాయి. ఇప్పటికీ ఫిబ్రవరి 27న పోకెమాన్ డే కొత్త ప్రకటనలు వస్తున్నాయంటే చాలు, కొలోసియం లాంటిది మళ్ళీ ఎప్పుడు చేస్తారని అడిగేవాళ్ళు ఎక్కడో ఒక చోట ఉంటారు. స్టేడియం, స్నాప్, కొలోసియం, ఎక్స్‌డీ... టీవీ మీద ఆడిన ఈ పోకెమాన్ ఆటల పేర్లు వినగానే ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్ళ మొహాలు వెలిగిపోతాయి. చిన్నప్పుడు ఏం ఆడినా బాగానే ఉంటుంది, ఇదంతా పాత చింతకాయ పచ్చడి మీద మోజు అని కొందరు కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఆ ఆటల్లో ఒక ప్రత్యేకమైన సుఖం ఉండేది, ఆ సుఖం పుట్టడానికి గట్టి కారణం ఉండేది, ఆ కారణం ఇప్పుడు లేదు. బెంగ దాని మీదే.

చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ తెర గుర్తుందా? అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144, నాలుగే నాలుగు ఛాయలు. 1996లో జపాన్‌లో వచ్చిన పోకెమాన్ రెడ్, గ్రీన్ ఆ తెర మీదే నడిచాయి. మీరు నెలల తరబడి పెంచిన చారిజార్డ్ అనే రెక్కల పోకెమాన్ అందులో వీపు మాత్రమే కనిపించే గరుకు బొమ్మ. అది నిప్పు కక్కితే కక్కిందని అక్షరాల్లో రాసి చూపిస్తారు, తెర ఒకసారి మినుకుమంటుంది, మిగతాదంతా మీ ఊహ. సరిగ్గా ఆ ఊహకి రూపం ఇవ్వడానికే టీవీకి పెట్టే నింటెండో 64 మీద స్టేడియం ఆటలు వచ్చాయి. 1998లో జపాన్‌లో వచ్చిన మొదటిదాంట్లో నలభై పైచిలుకు పోకెమాన్లకే చోటు దొరికింది. 2000లో అమెరికా వాళ్ళు స్టేడియం పేరుతో ఆడింది నిజానికి జపాన్‌లో వచ్చిన రెండోది, అందులో మొత్తం 151కీ చోటుంది. కంట్రోలర్ అడుగున ట్రాన్స్‌ఫర్ ప్యాక్ అనే చిన్న డబ్బా తగిలించి, అందులో మీ గేమ్‌బాయ్ క్యాట్రిడ్జ్ దూర్చితే మీ జట్టు మొత్తం టీవీలోకి వచ్చేసేది. వీపు మాత్రమే చూసిన చారిజార్డ్ ఇప్పుడు రెక్కలు విప్పుకుని నిలబడి ఉంటుంది, కామెంటేటర్ గొంతు చించుకుంటుంటాడు, పక్కన కూర్చున్న తమ్ముడు నోరెళ్ళబెట్టి చూస్తుంటాడు.

ఈ ఆట వెనక ఒక కథ ఉంది, అది నాకు చాలా ఇష్టం. రెడ్, గ్రీన్‌లలోని పోరాటపు లెక్కలన్నీ స్టేడియంలోకి మార్చాల్సి వచ్చినప్పుడు ఆ పని నెత్తినేసుకున్నది సతోరు ఇవాటా. ఆయన అప్పటికి ఆటలు తయారుచేసే హాల్ ల్యాబొరేటరీ అధ్యక్షుడు, తర్వాత నింటెండోకే అధ్యక్షుడయ్యారు. ఆ లెక్కలు ఎలా పనిచేస్తాయో రాసిపెట్టిన కాగితం ఒక్కటీ లేదు, గేమ్‌బాయ్ కోడ్‌నే కూర్చుని చదివి, దాదాపు వారంలో నింటెండో 64 మీద నడిపించారట. ఆ గేమ్‌బాయ్ కోడ్ రాసినవాళ్ళలో ఒకరైన షిగెకి మోరిమోటో దాని గురించి తర్వాత ఆశ్చర్యపోతూ చెప్పారు. చిన్న తెర మీది జంతువు పెద్ద తెర మీదకి వచ్చాక కూడా అదే జంతువుగా ఉండాలి, అదే దెబ్బకి అంతే నొప్పి పుట్టాలి, లేకపోతే అది మనది కాకుండా పోతుంది. ఒక కంపెనీ అధ్యక్షుడు కోడ్ ముందేసుకుని కూర్చున్నది అందుకే అని నేననుకుంటాను.

ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు. స్టేడియంలో మీరు పోకెమాన్‌కి ముద్దుపేరు పెట్టి ఉంటే, ఆ పేరుని బట్టి దాని ఒంటి రంగు కాస్త మారేది. ఎంత మారేదంటే, పక్కపక్కన రెండిటిని నిలబెడితే తప్ప కనిపెట్టలేనంత. అయినా ఎవరో కూర్చుని ఆ పని చేశారు చూడండి. మీ పికాచు, పక్కింటివాడి పికాచు ఒకటే పసుపు కాకూడదని. పైగా మీ సొంత పికాచుని జట్టులో పెట్టుకుని అందులోని బాగా కష్టమైన పోటీ ఒకటి గెలిస్తే, ఆ పికాచు సర్ఫ్ అనే విద్య నేర్చుకుని తిరిగి మీ క్యాట్రిడ్జ్‌లోకి వెళ్ళేది. దాన్ని ఎల్లో అనే గేమ్‌బాయ్ ఆటలోకి తీసుకెళ్తే అలల మీద సర్ఫింగ్ చేసే ఇంకో చిట్టి ఆట తెరుచుకునేది. వెళ్ళిన జంతువు ఏదో నేర్చుకుని ఇంటికి తిరిగొచ్చేది అన్నమాట.

స్నాప్ సంగతి వేరు. 1999లో వచ్చిన ఈ ఆట మొదట పోకెమాన్ ఆటే కాదని, ఊరికే ఫొటోలు తీసే ఆటగా మొదలైందని ఇవాటానే చెప్పారు. తర్వాత అందులోకి పోకెమాన్లు వచ్చాయి, ఆటకి ప్రాణం వచ్చింది. పట్టాల మీద బండి దానంతట అదే వెళ్తుంటే మీరు ఫొటోలు తీయడమే. 63 పోకెమాన్లు, ఏడు దారులు, ఒక సెలవు రోజులో అయిపోయేంత ఆట. కానీ పట్టుకోవడం, కొట్టుకోవడం అన్నీ పక్కనపెట్టి ఈ జంతువులు మనం లేనప్పుడు ఏం చేస్తుంటాయి అని చూపించింది అదే. అగ్నిపర్వతం దగ్గర చార్మీలియన్ లావాలో పడేలా చేస్తే చారిజార్డ్ అయి పైకి లేస్తుంది. లోయలో గిలగిల్లాడే మేజికార్ప్‌ని మాంకీ దగ్గర పడేలా చేస్తే అది తన్ని అవతలకి పంపిస్తుంది, ఆ తర్వాత దాన్ని జలపాతంలోకి తోస్తే గ్యారడోస్ బయటికొస్తుంది. ఎవరూ చెప్పరు, మనమే కనిపెట్టాలి. అమెరికాలో క్యాట్రిడ్జ్ పట్టుకుని బ్లాక్‌బస్టర్ వీడియో షాపులకి వెళ్తే ఆ ఫొటోలు స్టిక్కర్లుగా ప్రింట్ అయి వచ్చేవి. అన్నయ్య పెన్సిల్ బాక్సు మూత మీద రెండు ఉండేవి, అంచులు లేచిపోయి.

హే యూ, పికాచు కూడా ఉంది. మైకులో మాట్లాడితే పికాచు వినే ఆట. సరిగ్గా వినేది కాదు, అది నిజం. కానీ ఆ మైకుని పిల్లల సన్నని గొంతుకి తగ్గట్టు తయారుచేశారు, పెద్దవాళ్ళ గొంతు దానికి అంత బాగా అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ఆ ఆట దొరికినా మనల్ని ఆ పికాచు గుర్తుపట్టడం కష్టం. దీని గురించి తలుచుకున్నప్పుడల్లా నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టు ఉంటుంది.

ఇక కొలోసియం. జపాన్‌లో 2003 చివర, అమెరికాలో 2004లో వచ్చింది. చేసింది జీనియస్ సోనారిటీ అనే చిన్న స్టూడియో, పెట్టి రెండేళ్ళయినా కాలేదు. మామూలు పోకెమాన్ ఆటలో పదేళ్ళ పిల్లవాడు అమ్మకి టాటా చెప్పి ఊరు దాటతాడు. ఇక్కడ హీరో వెస్ ఒక దొంగల ముఠాలో సభ్యుడు, మొదటి నిమిషంలోనే సొంత ముఠా స్థావరాన్ని పేల్చేసి పారిపోతాడు. ఓర్రే అనే ఆ ఎడారి ప్రాంతంలో అడవి పోకెమాన్లు అసలు లేవు. పైరైట్ టౌన్ తుప్పు పట్టిన గనుల ఊరు, అక్కడి మనుషుల మొహాల్లో నవ్వు ఉండదు. శత్రువులు పోకెమాన్ల మనసుకి తలుపులు మూసేసి వాటిని ఆయుధాలుగా మార్చారు. వాటినే షాడో పోకెమాన్లు అంటారు. వెస్ పని వాటిని పోరాటం మధ్యలోంచి లాక్కొచ్చి మళ్ళీ మామూలుగా చేయడం. అలాంటివి 48 ఉన్నాయి.

మామూలు చేయడం అన్నదాన్ని ఈ ఆట ఎలా చూపించిందో చెప్పాలి. లాక్కొచ్చిన కొత్తలో ఆ పోకెమాన్‌కి షాడో రష్ తప్ప ఇంకో విద్య తెలియదు. ముద్దుపేరు పెట్టనివ్వదు. దాని స్వభావం ఏమిటో కూడా కనిపించదు. దాన్ని వెంటబెట్టుకుని నడవాలి, పోరాడాలి, అది అదుపు తప్పి ఊగిపోతుంటే పేరు పెట్టి పిలవాలి. దాని మనసు ఎంత మూసుకుపోయిందో చూపే ఊదారంగు గీత కొంచెం కొంచెం తరుగుతుంటే మరిచిపోయిన విద్యలు ఒక్కొక్కటే గుర్తొస్తాయి, స్వభావం బయటపడుతుంది. చివర్లో అగేట్ గ్రామంలో ఒక పాత రాయి దగ్గరికి తీసుకెళ్తే తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, ఇన్నాళ్ళూ లోపల ఆగిపోయిన అనుభవం అంతా ఒక్కసారి దానికి చేరుతుంది. మాకు మొదట దొరికింది మకుహిటా. ఆ రాయి దగ్గరికి తీసుకెళ్ళి, అది మామూలైపోయాక అన్నయ్య, నేను చేతులు కలిపి అరిచేశాం. ఈ ఆటలో ఎక్కడ పడితే అక్కడ సేవ్ చేయడం కుదరదు, ఆటలోనే ఉండే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాలి. అక్కడికి నడుస్తుండగా కరెంటు పోయింది. మే నెల, మధ్యాహ్నం, ఫ్యాను ఆగిపోయింది, టీవీ మధ్యలో తెల్లచుక్క కాసేపుండి పోయింది. రెండు గంటల తర్వాత కరెంటు వస్తే మళ్ళీ మొదటినుంచి అంతా చేశాం, ఒక్కమాట కూడా విసుక్కోకుండా. ఇంకే ఆటలోనైనా అయితే ఆ పూట కట్టేసేవాళ్ళం. మకుహిటాని అలా మధ్యలో వదిలేయడం మాకు మనస్కరించలేదు.

లోపాలు లేవని కాదు. పోరాటాలు నత్తనడక నడుస్తాయి, ఒక్కో కదలికకి యుగం పడుతుంది. కథలో మాటలు కొన్నిచోట్ల అతుకులబొంతలా ఉంటాయి. 2005లో వచ్చిన ఎక్స్‌డీ, నల్లబడ్డ లూగియా అనే భారీ పోకెమాన్ ఓడని గాల్లోకి లేపేసే ఆ మొదటి దృశ్యం అంత గొప్పగా ఉన్నా, తర్వాత సగం పాత ఊళ్ళనే తిప్పి చూపించింది. అయినా ఈ రెండూ చేసిన సాహసం ప్రధాన సిరీస్ చేయలేదు, చేయగలిగేది కూడా కాదు. ప్రధాన ఆట ఆలస్యమైతే దాని వెనక కార్టూన్, కార్డులు, బొమ్మలు అన్నీ ఆగుతాయి. అంత బరువు మోసేవాడు తాడు మీద నడవడు. కన్సోల్ ఆటల మీద ఆ బరువు లేదు, కాబట్టే హీరోని దొంగని చేయగలిగారు, ఫొటోలతోనే ఆట మొత్తం నడపగలిగారు.

మరి ఎందుకు ఆగిపోయాయి? చాలామంది లాభాల లెక్క చెప్తారు. నాకు కనిపించే ముఖ్య కారణం ఇంకా సూటిగా ఉంది. అన్నాళ్ళూ అసలు పోకెమాన్ చేతిలో పట్టుకునే మిషన్‌లో ఉండేది, టీవీకి సొంత పోకెమాన్ లేదు. ఆ ఖాళీని నింపడానికే ఇవన్నీ పుట్టాయి. నింటెండో స్విచ్ అనే కన్సోల్ వచ్చాక, 2018లో లెట్స్ గో, 2019లో స్వోర్డ్, షీల్డ్ నేరుగా టీవీ మీదకి వచ్చేశాయి. చేతిలో ఆడే మిషన్, టీవీకి పెట్టే మిషన్ ఒకటే అయిపోయాయి. ఖాళీ పూడిపోయింది, దానితో పాటు చిన్న తెర నుంచి పెద్ద తెరకి చేసే ప్రయాణమూ పోయింది. ప్రయోగాలన్నీ ఫోన్లలోకి వెళ్ళిపోయాయి. కొలోసియం చేసిన ఆ జీనియస్ సోనారిటీ 2020లో చేసింది ఒకేరకం బొమ్మలు జత కలిపే కెఫే మిక్స్. ఆ ఆట ఆడేవాళ్ళ మీద నాకేం కోపం లేదు, మా చెల్లి కూడా ఆడుతుంది. కానీ పైరైట్ టౌన్ కట్టిన చేతులు ఇంకో ఊరు కట్టలేదే అని బాధ.

ప్రయత్నాలు అసలు లేవని అనను. 2021లో వచ్చిన న్యూ పోకెమాన్ స్నాప్ అందంగా ఉంది, రాత్రిపూట అడవిని చూస్తే కళ్ళు చెదురుతాయి. 2025లో ప్రకటించిన పోకోపియాలో ఏ రూపమైనా ఎత్తగల డిట్టో అనే పోకెమాన్ మనిషి రూపంలో ఊరు కట్టుకుంటుంది, అది వినగానే నాకు పాత ధైర్యం కనిపించింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ప్రకటించిన పోకెమాన్ ఛాంపియన్స్ అనే పోరాటాల ఆట, మన పోకెమాన్లని దాచుకునే పోకెమాన్ హోమ్ సేవతో కలుస్తుందని చెప్పారు, అంటే స్టేడియం ఆలోచన బతికే ఉంది. అయితే పాతవాటిని తిరిగి ఇచ్చిన తీరులోనే నాకు అసలు వెలితి కనిపిస్తుంది. నింటెండో స్విచ్ ఆన్‌లైన్ అనే చందా సేవలో 2022లో స్నాప్, 2023లో స్టేడియం రెండు భాగాలూ పెట్టారు. స్టేడియంలో ట్రాన్స్‌ఫర్ ప్యాక్ పనిచేయదు. ఆట ఇచ్చే అద్దె పోకెమాన్లతోనే ఆడాలి. ముద్దుపేరుకో రంగు అన్న మాటే లేదు. సర్ఫ్ నేర్చుకుని తిరిగి వెళ్ళడానికి ఇల్లే లేదు. ఇంటికి రంగులేసి, లోపల మనుషుల్ని ఖాళీ చేయించినట్టుంది. కొలోసియం, ఎక్స్‌డీలను కొత్త కన్సోల్ స్విచ్ 2లో ఆడుకునే పాత గేమ్‌క్యూబ్ ఆటల జాబితాలో ప్రకటించినప్పుడు నేను సంతోషంతో అన్నయ్యకి మెసేజ్ పెట్టాను గానీ, ఆ వెంటనే అడిగిన ప్రశ్న కూడా అదే: శుద్ధి చేసిన మకుహిటాని ఎక్కడికైనా తీసుకెళ్ళగలమా? అది కుదిరితేనే నా దృష్టిలో ఆ ఆట నిజంగా తిరిగొచ్చినట్టు. సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు, మనుషుల్ని పెట్టి చేయించాల్సిన పని.

ఇది తొందరగా జరగాల్సిన పని కూడా. ఎందుకంటే ఆ పాత గేమ్‌బాయ్ క్యాట్రిడ్జ్‌లలో సేవ్ నిలిచేది లోపల ఉన్న గుండీ బ్యాటరీ మీద. అది అయిపోయిన రోజున లోపలున్నవన్నీ పోతాయి. స్టేడియంలో కష్టమైన పోటీ గెలిచి సర్ఫ్ నేర్చుకున్న పికాచు ఒకటి అన్నయ్య ఎల్లో క్యాట్రిడ్జ్‌లో ఉండేది. పోయినేడాది అటక మీద అట్టపెట్టెలో దొరికిందని, వాళ్ళ పాపకి చూపిద్దామని పెట్టి చూశాడట. కొత్త ఆట మొదలుపెట్టు అన్న ఒక్క లైనే వచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నింటెండో స్విచ్ పెట్టి తండ్రీకూతుళ్ళిద్దరూ స్టేడియం ఆడారట, పాప పికాచునే ఎంచుకుందట. అద్దె పికాచుని. దానికి పేరు పెట్టొచ్చా నాన్నా అని అడిగిందట.