పిల్లీ వచ్చే, ఎలుకా భద్రం: ఏలియన్ ఆటలో తుపాకీ ఎందుకు పనికిరాదు?

మొన్న ఎండల్లో గుంటూరు బ్రాడీపేటలో అక్క వాళ్లింటికి వెళ్తే, మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. మేనల్లుడు చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా పెట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. బీటెక్ రెండో ఏడాది. ఆడుతున్నది 'ఏలియన్: ఐసొలేషన్', ఏలియన్ అనే అంతరిక్ష జీవికి చిక్కకుండా బతకాల్సిన వీడియో గేమ్. అరగంటలో ఆరుసార్లు చచ్చాడు. చివరికి విసుగొచ్చి అడిగాడు: "మావయ్యా, దీన్ని చంపడమెలా?"

చంపలేవురా అన్నాను.

"మరి గన్ ఎందుకిచ్చినట్టు?"

సినిమాల మీద ఆటలు తీసే కంపెనీలు ఈ ప్రశ్న తమను తాము వేసుకోకుండానే ముప్పై ఏళ్లు గడిపేశాయి.

1979లో రిడ్లీ స్కాట్ తీసిన 'ఏలియన్'లో ఉన్నదల్లా ఒక సరుకు రవాణా నౌక, ఏడుగురు సిబ్బంది, ఒక పిల్లి. వాళ్లు వీరులు కారు. బోనస్‌లో మాకు వాటా తక్కువని సణుక్కునే మనుషులు, మన హైవే మీద లారీ వాళ్లలాగే. కనిపించీ కనిపించని ఒక జీవి వాళ్లను ఒక్కొక్కరినీ ఎత్తుకుపోతుంది. ఆ సినిమా బలమంతా ఆ నిస్సహాయతే. 1982లో అటారీ 2600 అనే పాత గేమ్ యంత్రానికి వచ్చిన ఆట దాన్ని ప్యాక్‌మ్యాన్‌లా మార్చేసింది. సందుల్లో పరిగెడుతూ గుడ్లు నలిపేయాలి. ఆ యంత్రానికి అంతకంటే చేతకాదు కాబట్టి వదిలేద్దాం. 1986లో జేమ్స్ కామెరాన్ రెండో భాగంలోకి సైనికులను దించాక ఆటల వాళ్లకు అసలు రుచి దొరికింది. ఆ తర్వాత వచ్చిన ఆటల్లో ఎక్కువ భాగం ఆ రెండో సినిమా సంతానమే. చేతిలో తుపాకీ, ఎదురుగా గుంపులు గుంపులుగా ఏలియన్లు. కాల్చుకుంటూ పోవడమే.

అన్నీ చెత్త అనను. 2000ల మొదట్లో అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్లో, ట్యూషన్ ఎగ్గొట్టి, 1999 నాటి 'ఏలియన్స్ వర్సెస్ ప్రెడేటర్' ఆడాను. మనమే ఏలియన్ అయి గోడల మీదా, పైకప్పు మీదా పాకొచ్చు. సైనికుడిగా ఆడితే చీకట్లో, దగ్గర్లోని కదలికను పసిగట్టే మోషన్ ట్రాకర్ టక్‌టక్ చప్పుడుకే అరచేతులు చెమటలు పట్టేవి. అయితే ఆ భయం తుపాకీలో గుళ్లు ఉన్నంతసేపు ఆగిపోయేది.

2013లో సెగా కంపెనీ నుంచి వచ్చిన 'ఏలియన్స్: కలోనియల్ మెరైన్స్' సంగతి వేరు. అందులో ఏలియన్లు తలుపు దగ్గర దారి మరిచిపోయిన మేకల్లా నిలబడేవి. ముందు చూపించిన డెమోకీ చేతికొచ్చిన సరుకుకీ పోలిక లేదని అమెరికాలో కొందరు కోర్టుకే ఎక్కారు. అసలు తమాషా 2018లో బయటపడి ఊరంతా పాకింది. ఆట ఫైళ్లలో 'టెథర్' అనే మాటలో ఒక 'ఏ' అక్షరం ఎక్కువ పడింది. ఏలియన్లు ఎటు కదలాలో చెప్పే ఆదేశం ఆ అచ్చుతప్పు వల్ల పనిచేయలేదు. ఆ ఒక్క అక్షరం తీసేసిన వాళ్ల కంప్యూటర్లలో అవి కాస్త తెలివిగా చుట్టుముట్టడం మొదలుపెట్టాయి. ప్రూఫ్ రీడింగ్ చేసి బతికిన వాణ్ని కాబట్టి ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మరుసటి ఏడాది, అంటే 2014 అక్టోబర్‌లో, అదే సెగా కంపెనీ నుంచి 'ఐసొలేషన్' వచ్చింది. చేసింది ఇంగ్లండ్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ. పెద్ద పెద్ద సైన్యాలను నడిపించే 'టోటల్ వార్' ఆటలకు పేరున్న సంస్థ అది. ఈసారి ఒకే ఒక్క ఏలియన్‌ను తీసుకుంది. కథ మొదటి సినిమాకు పదిహేనేళ్ల తర్వాత. కనబడకుండా పోయిన తల్లి (మొదటి సినిమా నాయిక రిప్లీ) కోసం కూతురు అమాండా ఒక అంతరిక్ష కేంద్రానికి వెళ్తుంది. తల్లిని వెతుక్కుంటూ వెళ్లే కూతురు! మన విజయవాడ గాంధీనగర్ సినిమా డిస్ట్రిబ్యూటర్లకు చెబితే సెంటిమెంట్ అదిరిందని అక్కడికక్కడే అడ్వాన్స్ ఇచ్చేవారు.

ఆ ఏలియన్ బుర్ర ఎలా పనిచేస్తుందో చూస్తే నాకు చిన్నప్పటి దాగుడుమూతలు గుర్తొస్తాయి. "దాగుడుమూతలు దండాకోర్, పిల్లీ వచ్చే, ఎలుకా భద్రం, ఎక్కడి దొంగలు అక్కడే గప్‌చుప్" అంటూ కళ్లు మూసే పెద్దమ్మకు ఎవరెక్కడ నక్కారో తెలుసు, దొంగకు తెలియదు. ఇక్కడా అంతే. ఆటలో పెద్దమ్మ లాంటి ఒక వ్యవస్థకు మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. అది ఏలియన్‌కు 'అటువైపు చూడు' అని సూచన మాత్రం ఇస్తుంది. ఆ పైన ఏలియన్ తన కళ్లతో, చెవులతో వెతుక్కోవాల్సిందే. అది మరీ ఎక్కువసేపు మన పక్కనే తిరిగి ఊపిరాడనివ్వకపోతే పెద్దమ్మే దాన్ని కాసేపు దూరంగా పంపుతుంది. పైగా దాని తెలివితేటల్లో కొన్నిటికి మొదట్లో తాళం వేసి, ఆట సాగేకొద్దీ తెరుస్తారు. దాంతో అది మన ఎత్తులు నేర్చుకుంటోందేమోనని గుండె జారుతుంది.

ఇక తుపాకీ సంగతి. పేలిస్తే ఆ మోతకి ఏలియన్ వస్తుంది. మంటలు చిమ్మే గొట్టం ఉంది కానీ, అది తరుముతుందే తప్ప చంపదు. టీవీకి తగిలించే కొన్ని గేమ్ యంత్రాల్లో మైక్ ఆన్ చేస్తే మన గదిలోని చప్పుడు కూడా ఏలియన్‌కు వినిపిస్తుంది. కుక్కర్ విజిళ్లు, మిక్సీ, వీధిలో ఉల్లిపాయల బండి మైకు ఉన్న మన ఇళ్లలో ఎవడూ ఐదు నిమిషాలు బతకడు.

ఆటలో లోపం లేదా అంటే ఉంది. బాగా సాగదీశారు. ముగిసిందనుకున్న ప్రతిసారీ ఇంకో లిఫ్టు, ఇంకో మీట. ఆటలను సమీక్షించే ఐజీఎన్ వెబ్‌సైట్ 10కి 5.9 ఇచ్చింది. అది అన్యాయమే అయినా, నిడివి మీద కోపం అర్థమవుతుంది. వ్యాపారం లెక్కలే బాధగా ఉంటాయి. అచ్చుతప్పు ఆట రెండు నెలలు నిండకుండానే 13 లక్షల కాపీలు దాటింది. ఇది దాదాపు ఆరు నెలలకు 21 లక్షలకు చేరింది. ఇంత శ్రమకు ఆ తేడా ఏపాటి? రెండో భాగం తీస్తున్నామనే మాట వినడానికి పదేళ్లు, 2024 అక్టోబర్ దాకా, ఆగాల్సొచ్చింది.

మనకూ 'కల్కి 2898 ఏడీ' ఉంది. నిర్మించిన అశ్వినీదత్ విజయవాడ మనిషే. దాని మీద పెద్ద ఆట ఎవరైనా తీస్తే ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు: కారు బుజ్జిని తోలాలి, హీరో భైరవగా వంద మందిని పడగొట్టాలి. నాకైతే ఎండిపోయిన కాశీలో రోజుకిన్ని యూనిట్లు (ఆ లోకంలో డబ్బు) కూడబెట్టుకుంటూ, పట్టుకుపోయే వాళ్ల కంటబడకుండా బతికే ఒక మామూలు మనిషి కావాలి. మేనల్లుడితో అదే అన్నాను.

"అందులో హీరో ఎక్కడ మావయ్యా?"

పైన ఎక్కడో బుజ్జి మీద వెళ్తుంటాడు, దుమ్ము నీ నెత్తిన పడుతుంది అన్నాను. వాడికి నచ్చలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ ఆటలోని ఇనప బీరువాలో దాక్కోవడానికి దూరాడు.