సొంత విమానం కొనకండి, పావు వాటా కొనండి

ప్రైవేట్ పైలట్ లైసెన్స్ చేతికొచ్చి ఏడాది తిరగ్గానే దాదాపు అందరి బుర్రలో ఒకటే పురుగు తొలుస్తుంటుంది, క్లబ్ విమానం ఎప్పుడు ఖాళీ అవుతుందా అని ఎదురుచూసే బాధ లేకుండా మనకంటూ సెస్నా 172 లాంటి ఒక చిన్న విమానం ఉంటే ఎంత బాగుంటుందో అని. రాత్రిళ్ళు అమ్మకం ప్రకటనలు తిరగేస్తారు, బ్యాంకులో ఉన్నది లెక్కేసుకుంటారు, ఇంట్లో వాళ్ళని ఒప్పిస్తారు, కొనేస్తారు. నేను చెప్పేది ఒకటే మాట. డబ్బున్నా సరే ఒక్కరే కొనకండి, ముగ్గుర్నో నలుగుర్నో కలుపుకుని వాటా కొనండి. ఖర్చు తగ్గుతుందని అందరూ చెప్తారు, తగ్గుతుంది కూడా, కానీ నా కారణం అది కాదు. నలుగురి విమానం ఒక్కడి విమానం కంటే సేఫ్‌గా ఉంటుంది.

ఎందుకో తెలియాలంటే ఇంజిన్ లోపలికి వెళ్ళాలి. చిన్న విమానాల్లో ఎక్కువగా కనిపించే లైకామింగ్ కంపెనీ ఓ-320, ఓ-360 ఇంజిన్లలో వాల్వులు తెరిచే క్యామ్‌షాఫ్ట్ పైన ఉంటుంది, పిస్టన్లు తిప్పే క్రాంక్‌షాఫ్ట్ దాని కింద ఉంటుంది. ఇంజిన్ ఆపాక ఆయిల్ మెల్లగా కిందికి జారిపోయి అడుగున ఉన్న సంప్ అనే తొట్టిలో చేరుతుంది, క్యామ్ మీద పల్చటి పొర మిగులుతుంది, వారాలు గడిచేకొద్దీ అదీ మిగలదు. పగటి వేడికీ రాత్రి చలికీ ఈ రెండు షాఫ్ట్‌లూ ఉండే పెట్టెలో, అంటే క్రాంక్‌కేస్‌లో ఉన్న తేమ చెమటలా పట్టి ఆ ఉక్కు మీద కూర్చుంటుంది, సూదిమొనంత తుప్పు చుక్కలు పడతాయి. ఆ తర్వాత ఎగిరినప్పుడు క్యామ్ మీద ఆని వాల్వుని నెట్టే ట్యాపెట్ ముఖం ఆ చుక్కల మీద నిమిషానికి వెయ్యిసార్లకి పైగా రుద్దుకుంటుంది, గట్టిపరిచిన పైపొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. ఇంకో కంపెనీ కాంటినెంటల్ చేసే ఇంజిన్లలో క్యామ్ కింద ఉంటుంది కాబట్టి ఆ విషయంలో కొంచెం నయం, కానీ వాటిలోనూ సిలిండర్ గోడలు తుప్పు పడతాయి.

ఇది నేను కళ్ళారా చూశాను. నెలల తరబడి కవర్ కప్పి ఉంచిన ఒక విమానం చూడ్డానికి వెళ్తూ నా ఫ్రెండ్ తోడు రమ్మన్నాడు. మెకానిక్ ఆయిల్ ఫిల్టర్‌ని కట్టర్‌తో కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పరిచాడు. నల్లటి నూనె మధ్యలో వెండి పొడిలాగా మెరుస్తోంది, అయస్కాంతం దగ్గరికి తెస్తే ఆ మెరుపు లేచి వెళ్ళి దానికి అంటుకుంది, అంటే అరుగుతున్నది లోపలి ఉక్కే. అంతకు పది నిమిషాల ముందే ఆ ఇంజిన్ స్టార్ట్ చేసి విన్నాం, ఒక్క అపస్వరం లేదు. లాగ్‌బుక్‌లో ఓవర్‌హాల్, అంటే ఇంజిన్ మొత్తం విప్పి బాగుచేయడం, అయ్యాక తిరిగింది 300 గంటలే, కానీ ఆ ఓవర్‌హాల్ జరిగి 19 ఏళ్ళయింది. ఈ ఇంజిన్లలో చాలావాటికి ట్యాపెట్లు మార్చాలంటే క్రాంక్‌కేస్ రెండుగా విప్పాల్సిందే, అంటే ఇంజిన్ మొత్తం కిందికి దించాల్సిందే. అందుకే ప్రకటనలో తక్కువ గంటలు అని పెద్ద అక్షరాలు కనిపిస్తే సంతోషపడకండి, ఎన్నేళ్ళలో అన్ని గంటలు అని అడగండి.

ఇంజిన్ తయారుచేసిన వాళ్ళే ఈ మాట ఎప్పుడో చెప్పారు. ఈ ఇంజిన్లలో చాలావాటికి లైకామింగ్ పెట్టిన ఓవర్‌హాల్ గడువు 2000 గంటలు లేదా 12 ఏళ్ళు, ఏది ముందొస్తే అది. ఆయిల్ మార్పు కూడా అంతే, ఫిల్టర్ ఉన్న ఇంజిన్‌కి 50 గంటలు లేదా 4 నెలలు. ఇప్పుడు లెక్క వేయండి. ఏడాదికి 50 గంటలు ఎగిరే ఓనర్ ఒక్కడే ఉంటే 12 ఏళ్ళలో 600 గంటలు అవుతాయి, ఇంజిన్ జీవితంలో మూడోవంతు కూడా వాడకుండానే గడువు అయిపోతుంది, ఆ మిగతా కాలమంతా అది చీకట్లో తుప్పు పడుతూ కూర్చుంటుంది. అదే 50 గంటల మనుషులు నలుగురు కలిస్తే ఏడాదికి 200, పదేళ్ళలో 2000. ఇంజిన్ ఎంత పని కోసం పుట్టిందో అంత పనీ చేసి పోతుంది. ఎగిరే ఇంజిన్ ఆరోగ్యంగా ఉంటుందనేది పాత పైలట్ల చాదస్తం కాదు, ఆయిల్ పొర ఎన్ని రోజులకోసారి కొత్తగా పడుతోంది అన్నదే అసలు విషయం.

ఇంకో అలవాటు గురించి కూడా చెప్పాలి. ఎగరడానికి టైం లేని ఓనర్లు ఆదివారం వచ్చి పావుగంట ఇంజిన్ తిప్పి, మంచిపని చేశామనుకుని వెళ్ళిపోతారు, అది మంచి కాదు, చెడు. పెట్రోల్ మండితే నీళ్ళు పుడతాయి, ఒక లీటర్ మండితే ఇంచుమించు లీటర్ నీళ్ళు, వాటిలో కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి క్రాంక్‌కేస్‌లోకి దిగుతుంది, ఆయిల్ బాగా వేడెక్కి కాసేపు అలాగే ఉంటే తప్ప అది బయటికి పోదు. ఆయిల్ 74 నుంచి 93 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండేలా 30 రోజుల్లో కనీసం ఒక గంట ఎగరమని, నేల మీద తిప్పడం దానికి బదులు కాదని కంపెనీయే రాసింది. నలుగురు ఓనర్లు ఉన్న విమానానికి ఈ బాధే రాదు.

ఇంజిన్ సంగతి సరే, పైలట్ కూడా తుప్పు పడతాడు. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ రూల్ ప్రకారం ప్యాసింజర్‌ని ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 టేకాఫ్‌లు, 3 ల్యాండింగ్‌లు చేసి ఉండాలి, 24 నెలలకోసారి ఇన్‌స్ట్రక్టర్‌తో ఫ్లైట్ రివ్యూ ఉండాలి. అది కింది హద్దు మాత్రమే, మూడు ల్యాండింగ్‌లతో గాలివాటం అడ్డంగా ఉన్న రన్‌వే మీద చేయి తిరగదు. హ్యాంగర్ అద్దె, ఇన్సూరెన్స్, ఏడాదికోసారి చేయించే ఆన్యువల్ ఇన్‌స్పెక్షన్ ఇవన్నీ ఎగిరినా ఎగరకపోయినా కట్టాల్సినవే, నాలుగో వంతు మీరు కడితే మిగిలిన డబ్బు పెట్రోల్‌కి, ఇన్‌స్ట్రక్టర్‌కి పోతుంది, అంటే అదే బడ్జెట్‌తో మీరు ఎక్కువ ఎగురుతారు. పైగా పక్క సీట్లో కూర్చోడానికి మీ విమానం తెలిసిన ఇంకో పైలట్ ఉంటాడు, ఒకరు బయట కనపడకుండా కళ్ళకి హుడ్ పెట్టుకుని ఇన్‌స్ట్రుమెంట్ల మీద ప్రాక్టీస్ చేస్తుంటే ఇంకొకరు సేఫ్టీ పైలట్‌గా బయటికి చూస్తారు. ఒక్కరే ఓనర్ అయితే ఆ రెండో మనిషిని ప్రతిసారీ వెతుక్కోవాలి, వెతుక్కోవడం బద్ధకం, అందుకని అసలు ప్రాక్టీసే ఉండదు.

ఫ్యూయల్ విషయంలో వాటాదారు ఉండటం ఎంత మేలో నాకు అనుభవమే. మా విమానం నలుగురిది. ఒంటరి ఓనర్‌కి పోయినసారి ట్యాంక్ నింపింది నేనేగా అనే ధీమా ఉంటుంది, నాకు ఆ ధీమా లేదు, ఎందుకంటే నా ముందు ఎగిరింది వేరే మనిషి. అందుకే ప్రతిసారీ రెక్క ఎక్కి మూత తీసి డిప్‌స్టిక్ పెట్టి చూస్తాను, గేజ్‌ని నమ్మను. రెండు రోజులు కురిసిన వాన తర్వాత ఒక పొద్దున ట్యాంక్ అడుగు నుంచి కాస్త ఫ్యూయల్ కప్పులోకి వంపితే కప్పు నిండా లేతనీలం 100ఎల్ఎల్ పెట్రోల్, అడుగున మాత్రం బొటనవేలు మందాన రంగులేని నీళ్ళు, మధ్యలో గీత గీసినట్టు తేడా. మూత దగ్గర రబ్బరు రింగ్ ఎండి పగిలిపోయింది. నాలుగు కప్పులు తీశాక గానీ నీలం ఒక్కటే రాలేదు. ఇక్కడ ఒక జాగ్రత్త, కప్పులో వచ్చింది మొత్తం నీళ్ళే అయితే గీత కనిపించదు, అంతా శుభ్రంగా ఉన్నట్టే ఉంటుంది, కాబట్టి రంగు చూడండి, వాసన చూడండి. ఆ రింగ్ సంగతి మెయింటెనెన్స్ పుస్తకంలో రాసి మిగతా ముగ్గురికీ ఫోన్ చేశాను, అది మార్చేదాకా ఎవరూ ఎగరలేదు.

అసలు ప్రాణాలు పోయేది ఎక్కువగా నిర్ణయాల దగ్గర. 1954లో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు ఇన్‌స్ట్రుమెంట్ శిక్షణ లేని 20 మందిని తీసుకుని, బయట ఏమీ కనిపించకుండా చేసి విమానం నడపమన్నారు, 20 మందీ కంట్రోల్ పోగొట్టుకున్నారు, సగటున 178 సెకన్లలో. మూడు నిమిషాలు కూడా కాదు. 1999 జులై 16న అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కొడుకు జాన్ ఎఫ్. కెనెడీ జూనియర్ పైపర్ సరటోగాలో భార్యని, ఆమె అక్కని ఎక్కించుకుని రాత్రిపూట మసక గాలిలో సముద్రం మీదుగా మార్తాస్ వైన్‌యార్డ్‌కి బయల్దేరాడు, ఇన్‌స్ట్రుమెంట్లు మాత్రమే చూసి నడపడానికి కావాల్సిన ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, పైకీ కిందకీ తేడా తెలియని స్థితిలో కంట్రోల్ తప్పి ముగ్గురూ పోయారు. ప్రమాదాల్ని విచారించే ఎన్‌టీఎస్‌బీ రిపోర్ట్‌లో ఒక చిన్న విషయం ఉంది, అది చదివిన దగ్గర్నుంచి నన్ను వదల్లేదు. ఆ రోజు ఒక ఇన్‌స్ట్రక్టర్ నేను కూడా వస్తానని అడిగితే, తానొక్కడే చేయాలనుకుంటున్నానని కెనెడీ చెప్పాడట. ఆ ఒక్కడే అనే కోరిక దగ్గరే నా భయమంతా. వాటాదారులు ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదని నేను అనను, కానీ విమానం తీసుకెళ్తున్నానని ఇంకో పైలట్‌కి చెప్పాల్సిన అలవాటు ఉన్నప్పుడు, వాతావరణం ఎలా ఉంది, తిరిగి రావడం ఎప్పుడు అనే రెండు ప్రశ్నలు తప్పకుండా ఎదురొస్తాయి.

దీనికి అవతలి వాదన తెలిసిందే, ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చింది అని సామెతే ఉంది, అందరిదీ అంటే ఎవరిదీ కాదు, సీటు వెనక్కి జరిపి వదిలేస్తారు, మాస్టర్ స్విచ్ ఆన్‌లో ఉంచి బ్యాటరీ చంపేస్తారు, శనివారం అందరికీ కావాలి, చివరికి స్నేహాలు చెడతాయి. నిజమే, ఇవన్నీ జరుగుతాయి. కానీ ఇవి కాగితం మీద రాసుకోకపోవడం వల్ల వచ్చే గొడవలు, కలిసి కొనడం వల్ల వచ్చేవి కావు.

కాబట్టి కాగితం రాయండి, కొనకముందే రాయండి. వాటా అమ్ముకోవాలంటే ధర ఎలా కడతారు, ముందు ఎవరికి ఇవ్వాలి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ ఇవ్వని డిడక్టబుల్ డబ్బు ఎవరు కట్టాలి, ఎగిరిన ప్రతి గంటకీ ఇంజిన్ ఫండ్‌లో ఎంత వేయాలి. ఈ ఫండ్ ఒక్కటే చాలు నా వాదన గెలవడానికి, ఒంటరి ఓనర్ అయితే వచ్చే ఏడాది చూద్దాంలే అని వాయిదా వేసుకుంటూ పోతాడు, నలుగురిలో ఒకరు కట్టకపోతే మిగతా ముగ్గురు ఊరుకోరు. మా కాగితంలో నాకు అన్నిటికంటే విలువైన రూల్ ఇంకోటి ఉంది, విమానాన్ని ఎగరకుండా ఆపడానికి ఒక్కరి మాట చాలు, మళ్ళీ ఎగరనివ్వడానికి మెకానిక్‌తో పాటు నలుగురూ ఒప్పుకోవాలి. స్పార్క్ ఇచ్చే మ్యాగ్నెటోల చెక్‌లో కాస్త ఎక్కువ ఆర్‌పీఎం పడిపోయింది అని ఒకరు అంటే, నాకు బానే ఉందే అని ఇంకొకరు తీసుకెళ్ళడానికి వీల్లేదు. సంతకాలకి ముందు ప్రతి ఒక్కరితో ఒక్కసారైనా కలిసి ఎగరండి, చెక్‌లిస్ట్ చేతిలోకి తీసుకోని మనిషితో పావు వాటా కాదు, పైసా వాటా కూడా వద్దు.

మెయింటెనెన్స్‌లోనూ ఇదే మేలు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సముద్ర గస్తీ దళం కోస్టల్ కమాండ్ విమానాల లెక్కలు చూసిన శాస్త్రవేత్త సి.హెచ్. వాడింగ్‌టన్ ఒక వింత కనిపెట్టాడు, 50 గంటల ఇన్‌స్పెక్షన్ అయిన వెంటనే రిపేర్లు పెరుగుతున్నాయి, ఎగిరేకొద్దీ తగ్గుతున్నాయి. బాగున్నదాన్ని విప్పి బిగించడంలోనే తప్పులు దొర్లుతున్నాయన్నమాట. అందుకని ఆన్యువల్ అయ్యాక మొదటి ఫ్లైట్ పగటిపూట, ప్యాసింజర్లు లేకుండా, రన్‌వేకి దగ్గర్లోనే గాల్లో చుట్టూ తిరుగుతూ చేయాలి, దానికి ముందు ఇంజిన్ మీది కౌలింగ్ మూత తీసి ప్రతి పైపు, ప్రతి నట్టు చూడాలి. ఒక్కరే చూస్తే కళ్ళు అలవాటైనవాటినే చూస్తాయి, ఇద్దరు చూస్తే తేడా తెలుస్తుంది.

నాకైతే ఇది విమానాలతో ఆగే విషయం అనిపించదు. సొంతం అనే మాట మీద మనకి ఉన్న మోజు చాలా వస్తువుల్ని చంపేస్తోంది. తాళం వేసిన ఇంట్లో పైపులు ముందు పాడవుతాయి, వాయించని వయొలిన్ పలకడం మర్చిపోతుంది, కదలని కారుకి బ్యాటరీతో మొదలై టైర్ల దాకా అన్నీ పోతాయి. వస్తువు నాదే అని పేరు రాసుకోవడానికి పెట్టే డబ్బులో సగం దాన్ని వాడటానికి పెడితే ఆ వస్తువూ బతుకుతుంది, మనకీ అది చేతికి అలవాటవుతుంది. వాడుకునే హక్కే అసలైన ఆస్తి అని నేను గట్టిగా నమ్ముతాను, విమానం విషయంలో అది ప్రాణం మీదకి కూడా వస్తుంది కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

మీరు ఎగిరే ఎయిర్‌ఫీల్డ్‌లో ఆరు నెలలుగా నేలకి కట్టిన టైడౌన్ తాళ్ళు విప్పని విమానం ఒకటి ఉండే ఉంటుంది, టైర్లు సగం దిగిపోయి, కౌలింగ్ సందులో పిట్ట పుల్లలు పెట్టుకుని. దాని ఓనర్ ఎవరో కనుక్కుని వెళ్ళండి. అమ్ముతారా అని కాదు, ముప్పావు వాటా ఇస్తారా అని అడగండి, ఇంకో ఇద్దరిని మీరే తీసుకురండి. ఆయన ఒప్పుకుంటే సంతోషం, కానీ సంతకం పెట్టేలోపు ఆయనతో సంబంధం లేని మెకానిక్‌ని పిలిచి, ఒక సిలిండర్ విప్పించి, టార్చ్ వేసి క్యామ్ చూడండి.