ఆ 35 ఏళ్ల మాటేమిటి?
అమెరికన్ బ్లూస్ గాయకుడు, గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ మీద మీ వ్యాసం బాగుంది. కానీ 1928లో ‘ఓకే’ (Okeh) అనే రికార్డు కంపెనీకి పాడిన రికార్డులు అమ్ముడుపోక ఆయన ఊరెళ్లిపోయాడని ఒక్క ముక్కలో తేల్చేశారు. అసలు కథంతా అక్కడే ఉందండీ! ఆ వెంటనే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. మిసిసిపీ రాష్ట్రంలోని తన ఊరు అవలాన్‌లో పొలం పనులతోనే దాదాపు 35 ఏళ్లు గడిచిపోయాయి. పాత పాటలో అవలాన్ తన ఊరని పాడుకున్నాడు కాబట్టి సరిపోయింది, ఆ ఆనవాలు పట్టుకునే టామ్ హాస్కిన్స్ అనే బ్లూస్ అభిమాని 1963లో ఆయన్ని వెతుక్కుంటూ వెళ్లాడు. అదే ఏడాది హర్ట్ న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవం వేదిక ఎక్కాడు. ఆయన గిటార్ శ్రద్ధగా వినండి. బొటనవేలు లావు తీగల మీద లయ తప్పకుండా నడుస్తుంటే, మిగతా వేళ్లు పాట వరస పలికిస్తాయి. గొంతు ఎక్కడా పెంచడు. 1966లో పోయాడు, పేరొచ్చాక దక్కింది మూడేళ్లే. వీలైతే 1928 రికార్డులనూ 1963 తర్వాతవాటినీ పోల్చి ఇంకో వ్యాసం రాయండి.