బిస్కెట్ల డబ్బా మీది దేశం

నెదర్లాండ్స్‌లో ఒక్క డిసెంబరు గడిపినవాళ్లకి ఆ బొమ్మ ఏదో చెప్పక్కర్లేదు. గడ్డకట్టిన కాలువ, బోడి చెట్లు, చీమల్లా జనం, కాళ్లకి స్కేట్లు. మొన్న పండక్కి నాకది బిస్కెట్ల డబ్బాగా ఒకటి, క్యాలెండరుగా ఒకటి, వెయ్యి ముక్కల పజిల్‌గా రెండు వచ్చాయి. ఇచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఇదే మేము." కిటికీ బయట 8 డిగ్రీలు, ముసురు.

బొమ్మ హెండ్రిక్ అవర్‌కాంప్‌ది. 1608 ప్రాంతంలో వేశాడు, ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. మాట రాని మనిషి, కంపెన్ ఊళ్లో ఉండి జీవితమంతా ఇవే వేసి అమ్ముకున్నాడు. ఆయన మీద నాకేం కోపం లేదు. ఒక మూల కళేబరాన్ని కుక్క పీక్కు తింటున్నా దాచలేదు పాపం. నా డబ్బా మీద మాత్రం ఆ మూల మూత అంచులో మాయమైంది.

జనవరిలో ఒక రాత్రి సున్నాకి ఒక్క డిగ్రీ కిందికి జారిందా, మా పక్కింటాయనకి పూనకమే. తెల్లారకముందే టార్చి పట్టుకుని కాలవ గట్టున నిలబడతాడు. ఒక గులకరాయి విసురుతాడు. అది బుడుంగున మునుగుతుంది. బాతులు కదిలిపోతాయి. "రేపటికి గట్టిపడుతుందండీ," అని నాకు ధైర్యం చెప్పి, తాతగారి చెక్క స్కేట్లు తీసి, నూనె రాసి, మళ్లీ గుడ్డలో చుట్టేస్తాడు. టీవీ పెడితే అక్కడా ఇదే జాతర. ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ అనే రాష్ట్రంలో స్కేట్ల మీద పదకొండు ఊళ్లు చుట్టే పందెం ఉంది, దాదాపు 200 కిలోమీటర్లు. నీళ్లు 15 సెంటీమీటర్ల మందాన గడ్డకట్టాలి. 1909 నుంచి జరిగింది 15 సార్లే, ఆఖరిది 1997 జనవరి 4న. ఈలోగా జాతి లక్షణం తుప్పు పట్టకుండా ఏటా ఆస్ట్రియా వెళ్లి ఒక చెరువు మీద ఆ 200 కిలోమీటర్లూ జారొస్తారు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి! చూశాం. ఆస్ట్రియా నెయ్యి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నవ్వలేనిది మ్యూజియం నుంచి వంటింటి దాకా అందరూ వల్లించే ఆ రెండో మాట: "చూడండి, దొరా కూలీ ఒకే గడ్డ మీద. మంచు మీద అందరూ సమానం."

ఎవరయ్యా ఆ అందరూ? ఈ బొమ్మ వేసే నాటికే వీళ్ల డచ్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకపు కోఠీ పెట్టింది. అవర్‌కాంప్ ఇంకా జనాన్ని జారిస్తూనే ఉన్నాడు, మన తీరంలో కరువుకి అమ్ముడుపోయిన మనుషుల్ని పులికాట్ నుంచి బటావియాకి, అంటే ఇప్పటి జకార్తాకి, ఓడల్లో కుక్కారు. వేలమందిని. 1621లో జాజికాయల కోసం ఇప్పటి ఇండోనేసియాలోని బందా దీవుల్లో ఊళ్లకి ఊళ్లే తుడిచేశారు. వాళ్లకి స్కేట్లు దొరకలేదా? వెయ్యి ముక్కల్లో వాళ్ల కోసం ఒక్క ముక్క కొయ్యలేకపోయారా?

మొన్న పక్కింటాయన వాళ్ల నాయనమ్మ ఫొటో చూపించాడు. ఆవిడది ఆ పదకొండు ఊళ్లలో ఒకటైన హిందెలోపెన్. ఒంటి మీద అక్కడి సంప్రదాయపు పొడుగు అంగీ, నిండా పూలు, తీగలు. ఆ అంగీలు కుట్టింది మన కోరమాండల్ తీరం నుంచి ఓడల్లో వెళ్లిన అద్దకపు బట్టతో. వాళ్లు సిట్స్ అంటారు, మనం చీటిగుడ్డ అన్నాం.

"ఇది మా సముద్రం ఒడ్డు అద్దకమండీ," అన్నాను.

ఆయన నవ్వాడు. "కాదు కాదు, అచ్చమైన ఫ్రీస్‌లాండ్. ఇదే మేము." ఫొటో జాగ్రత్తగా సొరుగులో పెట్టి, టార్చి తీసుకుని కాలవ దగ్గరికి వెళ్లాడు.